డెబ్భై రెండు మిల్లీమీటర్లు

మా వెనకగది కిటికీ కింద నా బల్ల ఉంటుంది. అక్కడ కూర్చుంటే పెరడుకి అవతల రేకుల షెడ్డు కనిపిస్తుంది. ఆ వానాకాలమంతా షెడ్డులో మా ఆవిడ పికప్ బండి, బల్ల మీద దానికి ఇరవైనాలుగో వంతు సైజులో నేను చేస్తున్న చిన్న బండి ఉండేవి. చిన్న బండి నా కంటికి అరమీటరు దూరం. పెద్ద బండి పన్నెండు మీటర్లు. ఒక కన్ను మూసి చూస్తే రెండూ సరిగ్గా ఒకే సైజులో, పక్కపక్కన నిలబెట్టినట్టు కనిపించేవి. రోజుకి నాలుగైదుసార్లయినా అలా కన్ను మూసి చూసుకునేవాణ్ణి. ఇంట్లో ఎవరూ లేనప్పుడే లెండి.

మ్యాపుల ఆఫీసులో ముప్పై ఏళ్లు గీతలు గీసి రిటైరైన వాణ్ణి. ఊళ్లకి ఊళ్లు కాగితం మీద ఇమిడ్చాక, రిటైరయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. ప్లాస్టిక్ ముక్కల కిట్టు పెట్టెలో వచ్చిన కారుని వచ్చినట్టు అతికించడం నాకు తృప్తినివ్వదు. నాలుగు తలుపుల దాన్ని రెండు తలుపులది చేస్తాను, పైకప్పు కోసి కిందకి దించుతాను, పికప్ తొట్టిని వేలెడు పొడిగిస్తాను. ఎవరైనా వాటిని బొమ్మలంటే "మోడల్స్" అని సరిదిద్దుతాను. అలా సరిదిద్దినందుకు మా బావమరిది దగ్గర పాతికేళ్లుగా మాటలు పడుతున్నాను.

ఈ చిన్న బండి మాత్రం సరదాకి మొదలుపెట్టింది కాదు. మా అమ్మాయి అడిగిన మాటకి అవుననలేక, కాదనలేక మొదలుపెట్టాను.

అమ్మాయి కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఆరేళ్లుగా ఒక పెద్దాయన దుకాణంలో పని. ఆ దుకాణం ఉన్న మేడని కూల్చేస్తామని చెప్పారు. పెద్దాయన "నా మోకాళ్లు ఇంకో మేడ ఎక్కవమ్మా" అని పనిముట్ల పెట్టె, చుట్టుపక్కల తొమ్మిది ఊళ్లలోని కుట్టు కేంద్రాల చీటీ ఆమె చేతిలో పెట్టాడు. వానలు వెలిస్తే ఆ కేంద్రాల్లో ఊపిరాడనంత పని. చెడిపోయిన మిషన్లు మోసుకుని ఎవరూ రాలేరు, మెకానిక్కే వాటి దగ్గరికి వెళ్లాలి. వానలు వెలిశాక మొదటి సోమవారం మొదటి ఊరికి వస్తే సరే, లేదంటే వేరే మనిషిని చూసుకుంటామని వాళ్లు ముందే చెప్పేశారు.

పెట్టెని నా బల్ల పక్కన దించి, చెయ్యి దులుపుకుని అంది.

"నాన్నా, అమ్మ బండి కావాలి."

"తీసుకో. నీది కాక ఎవరిది?"

"తోలడానికే అయితే అడిగేదాన్ని కాదు. కొయ్యాలి."

నేను పట్టకారు కింద పెట్టాను.

వెనక తొట్టికి పైకప్పు వేయించాలట. లోపల పొడుగునా పనిబల్ల, దాని పైన పనిముట్లు తగిలించే కొక్కేల వరస. అంతవరకూ బాగానే ఉంది. క్యాబిన్ వెనక గోడని, ఆ చిన్న అద్దంతో సహా, మనిషి దూరేంత కోసెయ్యాలట. వానలో దిగకుండా సీటు నుంచి నేరుగా బల్ల దగ్గరికి పోవడానికి.

ఆ అద్దంలోంచి మా ఆవిడ వెనక్కి చూసుకుంటూ బండి తోలేది. మొక్కల నర్సరీ నడిపేది తను. తొట్టి నిండా కుండీలు పెట్టుకుని, ఏ కొమ్మ విరుగుతుందోనని రోడ్డు కన్నా ఎక్కువగా అద్దంలోకే చూసేది. బండి ఎడమ తలుపు మీద ఉన్న సొట్ట ఆ చూపు ఫలితమే. తను పోయి అప్పటికి రెండేళ్లు. మూడు వారాల జబ్బు, అంతే.

"ఇనుమమ్మా. ఒకసారి కోస్తే మళ్లీ అతకదు," అన్నాను.

గుమ్మంలో కూర్చుని బూట్లు విప్పుకుంటున్న మా బావమరిది తలెత్తాడు. బండ్ల బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. మా ఆవిడకి తమ్ముడు.

"అతకడానికే కదా బావా నేను పుట్టింది," అన్నాడు.

"నువ్వు ఎన్ని బండ్లకి పైకప్పులు కోసి ఉంటావు నాన్నా?" అంది అమ్మాయి.

"అవి బొమ్మలు."

అలా అన్నాక నాకే వినిపించింది. బావమరిది ఒక బూటు చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. "విన్నావా బాబిన్? పాతికేళ్లకి ఒప్పుకున్నాడు," అన్నాడు మేనకోడలితో. కుట్టుమిషన్లో దారం చుట్టే కండెలా పొట్టిగా, ఎప్పుడూ తిరుగుతూ ఉంటుందని చిన్నప్పటి నుంచీ దాన్ని బాబిన్ అనే పిలుస్తాడు.

ఆ సందులో నాకు దారి దొరికింది. "ముందు మోడల్ చేసి చూద్దాం. అన్నీ సరిగ్గా అమిరాయంటే, ఆ కొలతలతోనే మీ మామయ్య కోస్తాడు."

అమ్మాయి ఒక్క క్షణం నా మొహంలోకి చూసి సరేనంది. ఎన్నాళ్లు పడుతుందని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

*

నా దగ్గర అదే తరం పికప్ కిట్టు ఒకటి సగం విప్పిన పెట్టెలో ఉంది. దానికీ మా బండికీ తేడాలు ఎంచితే పదిహేడు తేలాయి. వరసగా సరిచేస్తూ వచ్చాను. ముందు జాలీలో ఒక అడ్డకమ్మీ ఎక్కువ ఉంటే చెక్కేశాను. చక్రాల బోల్టులు ఆరుండాల్సిన చోట అయిదే ఉన్నాయి. పన్నెండు రోజులు వాటికే పట్టింది. సన్న ప్లాస్టిక్ కడ్డీని ముక్కలు కోసి, ఒక్కొక్కదాన్ని తడి చేసిన సూది మొనతో ఎత్తి, జిగురు చుక్క మీద కూర్చోబెట్టడం. తుమ్ము వస్తే మళ్లీ మొదటికి.

సొట్ట కోసం తలుపుని కొవ్వొత్తి సెగకి చూపించి, చెంచా వెనక భాగంతో నొక్కాను. లోతు ఎక్కువైంది. ఇంకో తలుపు చేశాను. తుప్పు కోసం అసలు బండి అడుగు నుంచి గోకిన తుప్పునే మెత్తగా నూరి అద్దాను. తొట్టి మూలల్లో ఇంకా మట్టి మిగిలి ఉంది, మా ఆవిడ కుండీల మట్టి. దాన్ని పలచటి గుడ్డలో జల్లించి, చిన్న తొట్టి మూలల్లో చల్లాను.

ఆ మట్టి తీస్తున్నప్పుడే చూశాను. తొట్టిలో కుడిచేతి మూల, పగుల్లో, రెండాకుల మొక్క ఒకటి నిలబడి ఉంది. ఏ విత్తనమో, ఎన్నాళ్లు ఓపిక పట్టిందో. షెడ్డు రేకు కారే చోట సరిగ్గా దాని మీద చుక్క పడుతోంది. రేకు బాగుచేయించనందుకు నన్ను నేను తిట్టుకుంటూ ఉండేవాణ్ణి, ఆ రోజు నుంచి మానేశాను.

సాయంత్రాలు బావమరిది పని నుంచి వస్తూ ఇటు తొంగిచూసేవాడు.

"ఎంతవరకొచ్చింది బావా?"

"రంగు వెయ్యాలి. ఈ తడిగాలికి వేస్తే పాలిపోయి తెల్లగా పొగ పట్టినట్టవుతుంది. ఎండ రావాలి."

"మా షెడ్డులో వానాకాలం బండ్లకి రంగు వెయ్యమా? పక్కన వంద వాట్ల బల్బు పెట్టుకో."

"బల్బు వేడికి ప్లాస్టిక్ వంగుతుంది."

"దూరంగా పెట్టుకో." తల తుడుచుకుంటూ అన్నాడు. "నీ చిన్న బండి పూర్తయ్యేలోగా పెద్ద బండి తుప్పు పట్టి అదే చిన్నదైపోయేలా ఉంది. అప్పుడు నీకు పని తప్పుతుందిలే."

నేను నవ్వాను. బల్బు మాత్రం పెట్టలేదు.

అమ్మాయి ఏమీ అనేది కాదు. పగలు షెడ్డులో ఒక మూల మిషన్లు బాగుచేసుకుంటూ ఉండేది. నడవడానికి వీలైనంత దగ్గరివాళ్లే తెచ్చేవారు. పాత మిషను ఒకటి విప్పి, నూనె రాసి, బిగించి, చక్రాన్ని అరచేత్తో తిప్పి చెవి పెట్టి వినేది. కిటికీలోంచి నాకు చక్రం చప్పుడు వినిపించేది కాదు, వింటున్న దాని మొహం కనిపించేది. వాళ్లమ్మ మొక్క వేరుని చూసే తీరు అది. ఆ పోలిక నాకు సంతోషమే. దాని వెంట ఇంకేదో కూడా ఉండేది, అది తప్పు దారి పట్టిస్తుందని అప్పుడు తెలియదు.

*

వానలు పలచబడ్డాయి. రోజంతా పడేది మధ్యాహ్నానికి వెలుస్తోంది. ఒకరోజు అమ్మాయి రెండు కప్పులు టీ తెచ్చి, ఒకటి నా పక్కన పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది. భూతద్దం తీసుకుని చిన్న బండి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది.

"ఇవేంటి, పైకప్పు లోపల? వెంట్రుకలా?"

"రాగి తీగ. పిన్నులు."

మా ఆవిడ బండి ఎక్కగానే జడలోంచి ఒక పిన్ను తీసి క్యాబిన్ పైకప్పు గుడ్డకి గుచ్చేది. దిగేటప్పుడు మరిచిపోయేది. ఇంకా నాలుగు అక్కడే ఉన్నాయి. చిన్న బండిలోనూ నాలుగు గుచ్చాను.

అమ్మాయి భూతద్దం దించింది. "చాలా బాగుంది నాన్నా," అంది. నిజంగానే అంది. టీ ఒక గుక్క తాగాక, "ఇందులో నా బల్లేది?" అని అడిగింది.

భూతద్దం తీసుకుని నేనూ చూశాను. ఏడు వారాలు. జాలీ, బోల్టులు, సొట్ట, తుప్పు, మట్టి, పిన్నులు. బల్ల లేదు. కొక్కేలు లేవు. వెనక గోడ చెక్కుచెదరకుండా ఉంది, దానికి నేను సన్నటి అద్దం కూడా బిగించాను.

"రేపటి నుంచి మొదలుపెడతా."

"పెద్దాయన పదిరోజుల్లో వానలు పూర్తిగా పోతాయంటున్నాడు. ఆయన మోకాళ్లు చెబుతాయట." కప్పు కింద పెట్టింది. "నీకు కొయ్యడం ఇష్టం లేకపోతే చెప్పు నాన్నా. నేను అలగను. దారి ఇంకోటి చూసుకుంటా. తెలియకుండా వాయిదా పడుతుంటేనే కష్టంగా ఉంది."

అందులో కోపం లేదు. మిషను ఎక్కడ పట్టేస్తోందో చెప్పే గొంతు అది, అంతే.

నేను సొరుగు లాగి సన్న రంపం తీశాను. చిన్న బండి క్యాబిన్ని ఎడమ అరచేతిలో పట్టుకుని, అద్దం పట్టీ ఊడదీసి, వెనక గోడ మీద పెన్సిలు గీత గీశాను. బ్లేడు ఆనించాక చెయ్యి కాస్త ఆగింది. తర్వాత కదిలింది. ప్లాస్టిక్ పొడి టీ కప్పులో పడుతోంటే అమ్మాయి కప్పు పక్కకి జరిపింది. వేలిగోరంత గోడ ముక్క బల్ల మీద పడింది. చప్పుడు కూడా కాలేదు.

"అయిపోయిందా?" అంది.

"అయిపోయింది."

బల్బు ఆ సాయంత్రమే పెట్టాను.

*

ఆ తర్వాత అయిదు రోజుల్లో, ఏడు వారాల్లో చెయ్యనిదంతా చేశాను. పనిబల్ల, దాని కింద సొరుగులు, పైన కొక్కేల కమ్మీ, తొట్టి పైకప్పు. ప్రతి ఎత్తునీ నా అలవాటు ప్రకారం కొలబొమ్మని పక్కన నిలబెట్టి చూసుకున్నాను.

కొలబొమ్మ గురించి చెప్పాలి. విరిగిన బ్రష్షు కర్ర ముక్క అది. ఒక కొస గుండ్రంగా అరగదీసి తల చేశాను, నడుము దగ్గర, మోచేతి దగ్గర సిరా గీతలు. ఏ బండి చేసినా మా ఆవిడ వచ్చి "ఇందులో నేను పడతానా?" అని అడిగేది. తను నాకన్నా రెండు వేళ్లు పొడుగు. మా పెళ్లి ఫొటోలో నా కాళ్ల కింద ఇటుక ఉంది. ఫొటోగ్రాఫరు దాన్ని బయటికి రాకుండా తీశాడు కానీ, నా మొహంలో ఇటుక కనిపిస్తూనే ఉంటుందని తన అభిప్రాయం. అందుకని తన ఎత్తుకి సరిపడా ఆ కర్ర ముక్క చేసి, ప్రతి బండి తలుపు దగ్గరా నిలబెట్టి చూపించేవాణ్ణి. "పడతావు, తల వంచితే." "అయితే ఈ బండి నాకొద్దు."

ఇరవై ఏళ్లుగా ఆ కర్ర ముక్క నా సొరుగులోనే ఉంది. మనిషి ఎత్తు కావాల్సి వస్తే నా చెయ్యి దాని మీదికే పోతుంది. అలాగే పోయింది.

చిన్న బండిని, కొలతలు గీసిన కాగితాన్ని బావమరిదికి అప్పగించాను. అతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"బాగుంది. రేపు అట్ట పెడతా."

"అట్టెందుకు? కొలతలున్నాయిగా."

"మాకు కాగితం మీద నమ్మకం లేదు బావా. ముందు అట్టతో కట్టి, పనిచేసే మనిషిని లోపల నిలబెడతాం. తర్వాతే ఇనుము కోసే గ్రైండరు. మా మేస్త్రి నేర్పిన మొదటి పని అది. అట్ట కోస్తే తిట్లు పడవు."

మర్నాడు పొద్దున్న షెడ్డు ఖాళీ అట్టపెట్టెలతో నిండిపోయింది. టేపు చుట్టలు పళ్లతో కొరుకుతూ బావమరిది తొట్టిలో అట్టతో బల్ల కట్టాడు, దాని పైన వెదురు కర్రతో కమ్మీ కట్టి తీగతో కొక్కేలు వేలాడదీశాడు. పైకప్పుకి నాలుగు కర్రలు, ఒక దుప్పటి. దూరం నుంచి చూస్తే పిల్లల ఆటలా ఉంది. దగ్గరికి వెళితే ప్రతి మూలా నా కాగితానికి వెంట్రుకవాసి తేడా లేదు.

"ఎక్కు బాబిన్. నీ కొలువు చూసుకో."

అమ్మాయి ఎక్కింది. బల్ల ముందు నిలబడింది. మిషను ఉన్నట్టు ఊహించుకుని చేతులు ముందుకి చాపింది. మోచేతులు బల్ల కన్నా కిందికి ఉన్నాయి. భుజాలు పైకెత్తింది. స్క్రూడ్రైవరు అందుకోబోతున్నట్టు కుడిచెయ్యి కొక్కెం వైపు ఎత్తింది. వేళ్లు అందలేదు. మునివేళ్ల మీద లేచింది. ఇంకా జానెడు దూరం.

"సరిగ్గా కట్టలేదా ఏంటి నేను?" అంటూ బావమరిది కొలత టేపు తీశాడు. నేల నుంచి బల్లకి కొలిచాడు. కాగితం చూశాడు. సరిపోయింది. బల్ల నుంచి కొక్కేనికి కొలిచాడు. సరిపోయింది. చిన్న బండిని చేతిలోకి తీసుకుని, నా స్టీలు స్కేలుతో లోపల కొలిచాడు. అదీ సరిపోయింది. చివరికి చిన్న బల్ల ముందు నిలబడి ఉన్న కర్ర ముక్కని రెండు వేళ్లతో పైకి తీశాడు. స్కేలు పక్కన పెట్టాడు.

"డెబ్భై రెండు." అరచేతి మీద వేలితో గుణించుకున్నాడు. "ఇరవైనాలుగులు... నూట డెబ్భై మూడు."

మేనకోడలి వైపు చూశాడు. తర్వాత నా వైపు. గొంతు తగ్గించాడు.

"బావా, ఇది మా అక్క."

రేకు మడతలో నిలిచిపోయిన వాననీటి చుక్క ఒకటి తొట్టి మూలలో పడింది. మళ్లీ ఇంకోటి. నేను చెయ్యి చాపి ఆ కర్ర ముక్క తీసుకున్నాను. ముప్పై ఏళ్లు స్కేలు పట్టుకున్నాను. ఆఫీసులో ఒక్క కాలవ గీత తప్పయితే షీటు షీటంతా తిరగగీసేవాణ్ణి.

బావమరిదే నన్ను ఆదుకున్నాడు. "ఏముందిలే, ఇంత చిన్న విషయానికి. కాళ్ల కింద ఒక చెక్క పీట బిగిస్తా. ఎక్కి నిలబడితే అన్నీ అందుతాయి. కాగితం మార్చక్కర్లేదు, రేపే కోసెయ్యొచ్చు."

నిజమే. అలా చేస్తే సోమవారానికి సునాయాసంగా అందుకునేవాళ్లం. వానలు అప్పటికే రెండు రోజులుగా లేవు. అయిదు రోజులే ఉన్నాయి. నేను అమ్మాయి వైపు చూశాను.

అది వెదురు కర్ర మీద చెయ్యి పెట్టి నిలబడి ఉంది. "నాన్న పెళ్లి ఫొటోలో ఇటుక మీద ఒక్క నిమిషం నిలబడ్డాడు మామయ్యా," అంది. "నేను రోజూ నిలబడాలి."

బావమరిది చేతిలోంచి కొలత టేపు తీసుకున్నాను.

"దిగు," అన్నాను. "ఇలా వచ్చి బండికి ఆనుకుని నిలబడు. కొలవాలి."

*

"చెప్పులు విప్పనా?"

"పనిచేసేటప్పుడు వేసుకుంటావా?"

"వేసుకుంటా."

"అయితే ఉంచు."

ఎత్తు నూట యాభై ఆరు. నేల నుంచి మోచేతికి తొంభై ఎనిమిది. మోచెయ్యి నుంచి వేలి కొసకి నలభై ఒకటి. కొలిచిన అంకె కొలిచినట్టు కాగితం మీద వేస్తూ వచ్చాను. కుడి మణికట్టు లోపల చిన్న కాలిన మచ్చ ఉంది.

"ఇదెప్పుడు?"

"రెండేళ్లవుతుంది. మిషను మోటారు తీగ అతుకుతుంటే."

"చెప్పలేదే."

"అప్పుడు అమ్మ హాస్పిటల్లో ఉంది."

మచ్చ సైజు కాగితం మీద అక్కర్లేదు. అయినా చూశాను. ఆ చేతి వేళ్లు పొట్టివి, కొసలు కాస్త వెడల్పు. అవి మా ఆవిడవి కావు. నావీ కావు. మా అమ్మవి. ఇరవై ఆరేళ్లుగా ఆ చేతి టీ నేను అందుకుంటున్నాను అనుకుంటే కొంచెం ఎక్కువవుతుంది, పదిహేనేళ్లు అనుకుందాం, పదిహేనేళ్లుగా అందుకుంటున్నాను.

"కుడిచెయ్యి పైకి చాపు. మునివేళ్ల మీద లేవొద్దు. నీకు హాయిగా ఎంత అందితే అంత."

చాపింది. గీత పెట్టాను.

ఆ మధ్యాహ్నం కొత్త కర్ర ముక్క కోశాను. అరవై అయిదు మిల్లీమీటర్లు. మోచేతి దగ్గర, చెయ్యి అందే చోట సిరా గీతలు. పాతదాన్ని అరగదీసి కురచ చేస్తే పని తొందరగా అయ్యేది. అది చెయ్యలేదు. తుడిచి సొరుగులో దాని చోట దాన్ని పెట్టి, కొత్తదాన్ని బల్ల ముందు నిలబెట్టాను. బల్ల ఎత్తు తగ్గింది. కొక్కేల కమ్మీ చాలా కిందికి వచ్చింది. పైకప్పు కూడా దించాను. అంత ఎత్తు ఎవరికీ అక్కర్లేదిప్పుడు, పైగా గాలి తక్కువ తగులుతుంది. సాయంత్రానికి బావమరిది మళ్లీ అట్ట కోశాడు. అమ్మాయి మళ్లీ ఎక్కింది. చెయ్యి ఎత్తింది. తీగ కొక్కెం వేళ్ల మధ్యకి వచ్చింది.

"ఊ," అంది. దాని భాషలో మిషను నడిచిందని అర్థం.

మర్నాడు పొద్దున్నే బావమరిది గ్రైండరు తెచ్చాడు. నేను క్యాబిన్లోకి దూరి, పైకప్పు గుడ్డలోంచి నాలుగు పిన్నులూ తీసి జేబులో వేసుకున్నాను. నిప్పురవ్వలకి గుడ్డ అంటుకుంటుందని. తర్వాత సుద్దముక్క తీసుకుని వెనక గోడ మీద గీత గీశాను. నిట్టనిలువుగా రెండు, అడ్డంగా రెండు. బావమరిది కళ్లద్దాలు పెట్టుకున్నాడు.

"బావా, నువ్వు లోపలికి వెళ్లి టీ పెట్టుకో. చప్పుడెక్కువ."

"చూస్తాను."

చూశాను. పది నిమిషాల పని. కోసిన గోడని మేం ఇద్దరం చెరో పక్క పట్టుకుని దించి, షెడ్డు గోడకి ఆనించాం. అద్దం పగలలేదు. ఆ రోజు మధ్యాహ్నం అమ్మాయి దాన్ని తిరగేసి, అద్దాన్ని ఊడదీసి, తొట్టి పైకప్పు పక్కగోడలో కిటికీలా బిగించమంది. సరిగ్గా పనిబల్ల మీద వెలుతురు పడేలా. కొత్త కిటికీ కొనాల్సిన పని తప్పిందని బావమరిది మెచ్చుకున్నాడు. రెండాకుల మొక్కని ఎప్పుడు తీసిందో తెలియదు, ఖాళీ నూనె డబ్బాలో మట్టితో సహా పెట్టి నా కిటికీ గట్టు మీద ఉంచింది.

పెద్ద బండికి రంగు పూర్తి కాలేదు. ఆదివారం సాయంత్రానికి కుడిపక్కంతా రంగు, ఎడమపక్కంతా రంగుకి ముందు వేసే బూడిదరంగు ప్రైమరు. సొట్ట సొట్టలాగే ఉంది. చిన్న బండే అలా సగం రంగుతో బల్ల మీద ఉండి ఉంటే నాకు తిండి సహించేది కాదు. బావమరిది నా మొహం చూసి, "చూడలేకపోతే కుడిపక్కే నిలబడు బావా," అన్నాడు.

*

సోమవారం ఎండ వచ్చింది. పెద్దాయన మోకాళ్లు నిజమే చెప్పాయి.

అమ్మాయి ముందుసీట్లో కూర్చుని ఊరి పేర్ల చీటీ అద్దం ముందు అంటిస్తోంది. కొత్త దారి గుండా లోపలి నుంచే బల్ల దాకా వెళ్లి వచ్చింది ఒకసారి, ఊరికే, ఆ దారి ఉందో లేదో చూసుకోవడానికి. బావమరిది చక్రాల్లో గాలి చూశాడు. అమ్మాయి మరిచిపోయిన నూనె సీసాని నేను ఇంట్లోంచి తెచ్చాను.

"వెనక పెట్టెయ్ నాన్నా. కమ్మీకి పక్కనే అర ఉంది."

వెనక తలుపు తీసి తొట్టిలోకి ఎక్కాను. లోపల నూనె వాసన, కొత్త వెల్డింగు వాసన. కిటికీ లోంచి ఎండ బల్ల మీద చతురస్రంగా పడుతోంది. పనిముట్లన్నీ వరసగా కొక్కేలకి. పొడవాటివి ఒక పక్క, పొట్టివి ఒక పక్క. సీసా అరలో పెట్టి తల ఎత్తానో లేదో, నుదురు ఠంగుమని కమ్మీకి తగిలింది. స్క్రూడ్రైవర్లన్నీ ఒకదానికొకటి తగిలి మోగాయి.

ముందు నుంచి, గోడ లేని చోటి నుంచి, అమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. నవ్వు ఆపుకుంటోంది.

"తగిలిందా?"

"కాస్త."

"తల వంచుకోవాలి నాన్నా. ఇది నా బండి."

మా ఇంట్లో ఆ బండిని అప్పటి దాకా అందరం అమ్మ బండి అనేవాళ్లం. అదీ అనేది. ఇప్పుడు అన్నమాట తను గమనించిందో లేదో తెలియదు. అప్పటికే ముందుకి తిరిగి తాళం తిప్పుతోంది.

నేను నుదురు రుద్దుకుని, తల వంచుకుని, కిందికి దిగాను.